గోర్దాకి బేరం

ఎవేలియో కార్మెనాతే తన కారు అద్దం వెనక ‘అమ్మబడును’ అని రాసిన అట్టముక్క పెట్టాడంటే హవానాలోని లోస్ సితియోస్ పేటలో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పేం లేదు. ఆ అట్టని ఆయన గోడవైపు కిటికీకి ఆనించాడు. బండేమో గోడకి జానెడు దూరంలో ఆగి ఉంది. దాన్ని చదవాలంటే మనిషి బల్లై పుట్టాలి.

“ఎవరికి బావా అమ్ముతున్నావు, గోడకా?” అన్నాడు నికనోర్. మెట్ల పక్కన బల్లేసుకుని పొద్దస్తమానం డొమినోలాడే బృందానికి అతనే పెద్ద.

“గోడే నయం. నోరెత్తి బేరమాడదు. నా మొహం చూసి నవ్వదు కూడా,” అన్నాడు ఎవేలియో.

అందరూ నవ్వారు. నాలుగో అంతస్తు బాల్కనీలోంచి మాత్రం నవ్వు రాలేదు. “ఎవేలియో! ఆ అట్టని వీధివైపు పెట్టు!” అని పెళ్ళాం కేక వచ్చింది. ఆయన బుద్ధిగా తీసి వీధివైపు పెట్టాడు.

తనని తాను వెక్కిరించుకోవడంలో ఎవేలియోని మించినవాడు హవానాలో లేడు. ఊరు నవ్వేలోపు మనమే నవ్వేసుకుంటే ఊరికి ఆ శ్రమ తప్పుతుంది కదా అంటాడు. మనిషి పొట్టి. రెండు దిళ్ళు వేసుక్కూచున్నా స్టీరింగు పైన టోపీ ఒక్కటే కనిపిస్తుంది. “ఈ బండిని నడిపేది టోపీ. నేను దానికి తోడు వెళతానంతే” అని ఎక్కిన ప్రతి ప్యాసింజరుకీ తనే చెప్పేవాడు. ఇంటికెవరొచ్చినా పెళ్ళి ఫొటో చూపించి, “ఈ పక్కన నిలబడింది పెళ్ళికూతురి తమ్ముడు కాదండీ, నేనే” అనేవాడు. ఇలాంటి మనిషితో పోట్లాడటం ఎవరి తరమూ కాదు. మనం తిట్టబోయే తిట్టు ఆయనే ముందు తిట్టేసుకుంటాడు. మనం నవ్వి ఊరుకోవాల్సి వస్తుంది. భార్య సొరైదాకి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు.

ఇక బండి. యాభై రెండో సంవత్సరపు షెవ్రొలే. ఒళ్ళున్న మనిషిలా ఉంటుందని దానికి గోర్దా అని, అంటే బొద్దమ్మ అని పేరు పెట్టుకున్నాడు. కిటికీ తలుపులకి వేసే ఆకుపచ్చ రంగు తెచ్చి, గోడలకి సున్నం వేసే బ్రష్షుతో తనే పూశాడు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ బ్రష్షు వెంట్రుకలు ఇంకా రంగులో అంటుకునే ఉంటాయి. పైన పటారం లోన లొటారం అంటారు కదా, గోర్దా విషయంలో ఆ సామెతని తిరగెయ్యాలి. పటారమంతా దాని కడుపులోనే ఉంది.

పుట్టినప్పటి ఇంజిను ఎవేలియో చేతికి రాకముందే పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒక రష్యా లారీ ఇంజినుతో నెట్టుకొచ్చాడు. అది లాగడం తక్కువ, పొగ వదలడం ఎక్కువ. యూనివర్సిటీ దగ్గరి ఎత్తు వచ్చిందంటే ప్యాసింజర్లని కింద దింపి, నడిపించి, పైన మళ్ళీ ఎక్కించుకునేవాడు. “అద్దె మీదే, నడకా మీదే. పొగ మాత్రం నేను ఊరికే ఇస్తున్నాను” అనేవాడు. రెండేళ్ళ కిందట, బోల్తాపడ్డ ఒక కొరియా వ్యాను తాలూకు డీజిల్ ఇంజిను దొరికింది. మొగుడూ పెళ్ళాలు దాచుకున్నదంతా దానికే పెట్టారు. దాన్ని ఈ బండిలో కూచోబెట్టే బిగింపుల కోసం సొరైదా పుట్టింటి ఇనప మంచం కోళ్ళు కోశారు. కొత్త ఇంజిను పడితే బండికి మంచి ధర వస్తుంది, ఆ ధరతో కింది ఇల్లు వస్తుంది అనుకున్నారు.

తప్పు అక్కడే జరిగింది. అమ్మదలచుకున్న బండికి బుద్ధున్నవాడెవడూ ఇంజిను మార్చడు, రంగు వేస్తాడు. కొత్త ఇంజినుతో మొదటిసారి ఆ ఎత్తు దగ్గరికి వచ్చినప్పుడు, బండి నిండా జనం ఉండగా, గోర్దా మూడో గేరులో కిక్కురుమనకుండా పైకి పోయింది. ఎవేలియో టోపీ కిందికి లాక్కుని కళ్ళు తుడుచుకున్నాడు. ముసలాడికి దసరా పండగ అంటే ఇదే. ఆ రోజు నుంచి ఆయన బండిని అమ్మడం గురించి ఎంత ఎక్కువ మాట్లాడాడో అంత తక్కువ ప్రయత్నించాడు.

కింది ఇల్లు ఎందుకంటే, సొరైదా మోకాళ్ళు. బడి వంటశాలలో నిలబడి నిలబడి అరిగిపోయాయి. వాళ్ళు ఉండేది నాలుగో అంతస్తు, ఆ భవనానికి లిఫ్టు ఏనాడూ లేదు. కొత్త సంవత్సరం నాడు కిందికి దిగి, తిరిగి ఎక్కుతూ మూడో అంతస్తు మలుపులో కూలబడిపోతే, నికనోర్ కొడుకులు కుర్చీలో మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె గడప దాటలేదు. ఇప్పుడు ఆగస్టు. రొట్టె, కాఫీ పొడి, వీధిలో పుకార్లు, అన్నీ తాడు కట్టిన బుట్టలో పైకి రావలసిందే. రేవు అవతల రెగ్లాలో ఒఫేలియా అనే ఆవిడకి వీధి గుమ్మం ఉన్న ఇల్లుంది. ఒంటరి మనిషి, మోకాళ్ళు ఇంకా మేకపిల్లవి. అక్క లోస్ సితియోస్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంటికి ఇల్లు మార్చుకుందామంది, పైన కొంత ఇమ్మంది. ఆ పైన ఇవ్వాల్సింది గోర్దా వల్ల రావాలి. ఇంకో జంట కూడా తన ఇల్లు చూసిపోతున్నారనీ, ఆదివారం దాకా మాత్రం మాట మీద ఉంటాననీ ఒఫేలియా కబురు చేసింది.

మా పేటలో ఒక మర్యాద ఉంది. పొరుగువాడు ఏదన్నా అమ్ముకుంటుంటే, కొనేవాడి ముందు వీధంతా ఆ వస్తువుని మెచ్చుకోవాలి. ఒకరు అడగక్కర్లేదు. రేపు మన ఫ్రిజ్జు అమ్ముకునేటప్పుడు వాళ్ళూ మెచ్చుకుంటారు. బానెట్టుకీ డిక్కీకీ తేడా తెలియనివాళ్ళు కూడా దగ్గరికొచ్చి “ఆహా, ఏం ఇంజిను!” అనాలి. అమ్మేవాడు మాత్రం మొహం వేలాడేసుకుని, గుండె కోసి ఇస్తున్నట్టు పక్కన నిలబడాలి.

మొదట వచ్చింది ఓడల్లో పనిచేసి దిగిపోయిన ఒక ముసలాయన. నెమ్మదైన మనిషి. ఆదివారాలు పెళ్ళాన్ని సముద్రపొడ్డుకి తీసుకెళ్ళడానికట. డొమినో బృందం ముక్కలు బోర్లించి, లేచొచ్చి మర్యాద మొదలుపెట్టింది.

“ఈ బండెక్కాక మా అమ్మకి వాతం నొప్పులు తగ్గాయండీ,” అన్నాడు నికనోర్.

“మీ అమ్మ ఎక్కింది ఒక్కసారి. దిగబోతే తలుపు ఊడి చేతికొచ్చింది,” అన్నాడు ఎవేలియో. “ఇదుగో, ఈ తలుపే. ఇప్పుడు మా స్నానాల గది గొళ్ళెంతో నిలబడి ఉంది. ఇంట్లో గొళ్ళెం లేదు కాబట్టి నేను పాడుకుంటూ స్నానం చేస్తున్నాను.”

“బ్రేకులు మాత్రం గట్టివి,” అన్నాడు ఇంకొకడు ఇబ్బందిగా.

“చాలా గట్టివి. పడాలా వద్దా అన్నది వాటిష్టం. ఇక వానొస్తే పైనుంచి కారుతుంది, ఎండొస్తే కిందనుంచి కారుతుంది. నాదీ అదే జబ్బు. డాక్టరు వయసన్నాడు.”

ముసలాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవేలియోకి చెయ్యి కలిపి, ఇంత నిజాయితీపరుణ్ణి హవానాలో చూడలేదని చెప్పి, వెళ్ళిపోయాడు.

మర్నాడు మెళ్ళో లావుపాటి గొలుసుతో యోస్వెల్ అనే యువకుడు వచ్చాడు. ఇంజిను స్టార్టు చేయించి, విని, ఈల వేశాడు. “అదిరింది బాబాయ్! టాపు కోసేస్తా. గులాబీ రంగు కొట్టిస్తా. టూరిస్టులు ఎగబడి ఎక్కుతారు చూడు!”

టాపు కోస్తానన్న మాటకి ఎవేలియో చెయ్యి దానంతటదే తన బట్టతల మీదికి పోయింది. “కొయ్యి నాయనా. కాకపోతే మిగతా బండిని పట్టుకునున్నది ఆ టాపే. అది తీశావంటే నాలుగు తలుపులూ నాలుగు దిక్కులకి పోతాయి. నువ్వు స్టీరింగు పట్టుకుని నడిరోడ్డు మీద కూచుని ఉంటావు. టూరిస్టులు నిన్ను ఫొటో తీసుకుంటారు. దానికీ గిరాకీ ఉంటుందేమోలే.”

“ఈయన మాటలు నమ్మకు తమ్ముడూ! గుండ్రాయిలాంటి బండి!” అన్నాడు నికనోర్ గొంతు చించుకుని.

“అవును, నన్ను నమ్మకు. నికనోర్‌ని నమ్ము. పోయినేడు అమ్మిన ఫ్యాను గురించి కూడా ఈయన ఇలాగే చెప్పాడు. దాన్ని కొన్నవాడు ఇప్పటికీ విసనకర్రతో విసురుకుంటున్నాడు.”

యోస్వెల్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, గొలుసు సర్దుకుని, జారుకున్నాడు. నికనోర్ మొహం ఎర్రబడింది. “నీ కోసం గొంతు పోగొట్టుకుంటుంటే నా ఫ్యానుని బజార్న పెడతావా? ఇక నీ బండీ నీ నోరూ మీరిద్దరే చూసుకోండి బావా,” అని వెళ్ళి బల్ల ముందు కూచున్నాడు. బృందమంతా అతని వెనకే పోయింది.

మధ్యాహ్నం సొరైదా అన్నంలో నల్ల చిక్కుళ్ళ పులుసు పోసి ఆయన ముందు పెట్టింది. తను తినకుండా ఎదురుగా కూచుంది.

“టాపు కోసేవాణ్ణి తరిమావు, సరే. ఆ ఓడ మనిషి నిన్నేం చేశాడయ్యా?”

“నిజం చెప్పాను. నిజం విని మనుషులు పారిపోతే నేనేం చెయ్యను? నా మొహం కూడా నిజమే. దాన్ని చూసి నువ్వొక్కదానివే పారిపోలేదు. నీకు పరుగు రాక…”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సొరైదా నవ్వలేదు, కోప్పడనూ లేదు. బల్ల కింద మోకాలు రుద్దుకుంది.

“ఎక్కేవాళ్ళకి నవ్వొచ్చేలా చెప్పేవాడివి. కొనేవాళ్ళకి భయమేసేలా చెబుతున్నావు. అవే జోకులు, అదే నోరు. నాకు తేడా తెలీదనుకున్నావా? ఈ బాల్కనీలో కూచుని వినడం తప్ప నాకింకేం పనుంది?”

“సొరైదా…”

“నిన్ను బండి అమ్మమని బతిమాలను. ఒక్క మాట చెప్పు చాలు. ‘నాకు బండే కావాలి, నువ్వు పైనే ఉండు’ అని చెప్పు. కానీ జోకు లేకుండా చెప్పు. ఉంటాను.”

ఎవేలియో నోరు తెరిచాడు. జోకులు వరస కట్టి వచ్చి నిలబడ్డాయి. ఆ మాట మాత్రం రాలేదు. ఎందుకంటే అది నిజం, కొంతవరకైనా నిజం. అది తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం మీద కూడా ఒక జోకు తట్టింది. అప్పుడు ఇంకా అసహ్యం వేసింది. కంచం కడిగి బోర్లించి, తలెత్తకుండా మెట్లు దిగిపోయాడు.

శనివారం పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. బండి కడిగి, గోడకి దూరంగా, వీధి మధ్యకంటా తెచ్చి నిలబెట్టాడు. ఈసారి నిజంగానే అమ్మాలనుకున్నాడు.

వచ్చింది ఒదాల్మిస్ అనే ఆవిడ. నలభై దాటిన మనిషి. నర్సు ఉద్యోగం మానేసి ఎవరిదో బండి అద్దెకి తిప్పుతోంది. యజమానితో పడలేక సొంత బండి వెతుక్కుంటోంది. అట్ట పరుచుకుని బండి కిందికి దూరి చూసింది. ఇంజిను తిప్పించి, రోగి గుండె విన్నట్టు తల వంచి వింది.

“చెప్పు పెద్దాయనా. దీని కథేంటి?”

ఎవేలియో గొంతు సవరించుకున్నాడు. నిన్నంతా కూచుని పొగడ్తలు కూడబలుక్కున్నాడు. ఇంజిను గుర్రం, గేర్లు వెన్న అని మొదలుపెడదామనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే, “తలుపు గొళ్ళెం స్నానాల గదిది” అని వచ్చింది. చెమట పట్టింది. “బ్రేకులు…” అన్నాడు, మంచివి అనబోయి, “కాస్త ఆలోచించుకుని పడతాయి” అన్నాడు. అరవయ్యేళ్ళుగా ఒకే పనికి అలవాటుపడ్డ నోరు, దానికి వెనక గేరు తప్ప ఇంకోటి లేదు. “రంగు నేనే వేశాను, అది చూస్తేనే తెలుస్తుంది” అని కూడా అనేశాడు. సాయం చెయ్యమన్నట్టు నికనోర్ వైపు చూశాడు. నికనోర్ తన డొమినో ముక్కల్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూసుకుంటున్నాడు. వీధిలో అందరూ ఉన్నారు, ఒక్కరూ మర్యాదకి లేవలేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఒదాల్మిస్ చేతులు తుడుచుకుంది. “ఇన్ని లోపాలు నువ్వే చెప్పేస్తున్నావంటే, చెప్పనిదేదో పెద్దదే ఉంది. ఇంజిను దొంగదా?”

“అయ్యో, కాగితాలన్నీ ఉన్నాయమ్మా!”

“మరింకేంటి? అమ్మేవాడు పది లోపాలు చెప్పాడంటే పదకొండోది దాస్తున్నట్టే. నాకీ ఊరు కొత్తా? వస్తా పెద్దాయనా.” సంచీ భుజాన వేసుకుని చకచకా నడిచిపోయింది.

ఎవేలియో ఆమె వెనక పరుగెత్తాడు. పొట్టి కాళ్ళు, కొత్తగా పాలిష్ చేసిన బూట్లు, చూడముచ్చటగా ఏం లేదు. మలుపు దగ్గర అందుకునేసరికి ఎగశ్వాస వచ్చేసింది.

“పదకొండోది ఉంది,” అన్నాడు. “నేనే. బండికి ఏ రోగమూ లేదమ్మాయ్. ఇంజిను బంగారం. అమ్మడం నాకిష్టం లేదు. అందుకే వచ్చినవాళ్ళ ముందు దాన్ని తిట్టి తిట్టి పంపించాను. మా ఆవిడ నాలుగో అంతస్తులో ఉంది. మోకాళ్ళు. కొత్త సంవత్సరం నుంచి నేల తొక్కలేదు. ఇది అమ్మితే కింది ఇల్లొకటి వస్తుంది. ఆవిణ్ణి పైన కూచోబెట్టి నేను కింద కారు తుడుచుకుంటున్నాను. అదీ సంగతి.”

ఇదీ వేళాకోళమేనేమోనని ఒదాల్మిస్ ఆయన మొహంలోకి చూసింది. కాదు, గడ్డం వణుకుతోంది. తలెత్తి బాల్కనీవైపు చూసింది. అక్కడ సొరైదా కమ్మీ పట్టుకుని, మాటలు వినపడక, మెడ చాచి చూస్తోంది. బరువంతా ఒక పక్కకి వేసి నిలబడింది.

“కుడి మోకాలు ఎక్కువా?”

“కుడిదే.”

“ఆ ఇల్లు ఎప్పటిదాకా ఆగుతుంది?”

“రేపటిదాకా.”

ఒదాల్మిస్ నిట్టూర్చింది. “ఈ ముక్క కొనేవాళ్ళతో చెప్పకూడదు పెద్దాయనా,” అని, ఆయన అడిగిన ధరలోంచి మంచి ముక్కొకటి కోసేసింది. కళ్ళలో జాలి ఉంది, కానీ కోసిన ముక్క మళ్ళీ అతికించలేదు. ఎవేలియోకి ఒళ్ళు మండింది, అంతలోనే నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి జోకు లేకుండా మాట్లాడితే ఇంత ఖర్చయింది. ఒఫేలియాకి ఇవ్వాల్సినదానికి సరిపోతుంది, ఆ పైన బీరుకి కూడా మిగలదు.

“సరే,” అన్నాడు. “రెగ్లా దాకా మమ్మల్ని నువ్వే దింపాలి.”

“దింపుతాను. మంచాలకీ కుర్చీలకీ వేరే బండి చూసుకో.”

ఇద్దరూ బండి దగ్గరికి తిరిగొచ్చి చెయ్యి కలపగానే నికనోర్ ఒక్క ఉదుటున లేచాడు. “రత్నం లాంటి బండి తల్లీ! మా అమ్మకి వాతం నొప్పులు…”

“ఇప్పుడెందుకు బావా, కొనేసింది!”

“కొన్నాక కూడా మెచ్చుకోవాలి. లేకపోతే రేపు తిరిగి తెస్తుంది,” అన్నాడు నికనోర్. వచ్చి ఎవేలియో భుజం మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచాడు.

ఇల్లు మారే రోజున సొరైదా మెట్ల మీద కూచుంటూ లేస్తూ, ఒక్కో మెట్టునీ తిట్టుకుంటూ దిగింది. నికనోర్ కొడుకులు మోస్తామంటే, ఎక్కేటప్పుడు మోశారు చాలు, దిగడం నా కాళ్ళతోనే దిగుతానంది. ఎవేలియో ఆమె ముందు వెనక్కి నడుస్తూ దిగాడు. కిందికొచ్చాక ఆయన కాళ్ళు అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికి పోయాయి. అక్కడ ఒదాల్మిస్ కూచుని ఉంది. ఆయన చుట్టూ తిరిగొచ్చి వెనక సీట్లో సొరైదా పక్కన కూచున్నాడు. దారి పొడుగునా ఇంజిను చప్పుడే విన్నాడు. ఏడుపొస్తే ఏడ్చాడు. సొరైదా ఆయన చెయ్యి పట్టుకుంది.

రెగ్లాలో రెండో రోజు పొద్దున ఎవేలియో కళ్ళు తెరిచేసరికి మంచం మీద పక్క ఖాళీ. వంటింట్లో లేదు. పెరట్లో లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. బనీనుతోనే వీధిలోకొచ్చాడు.

రొట్టెల దుకాణం ముందు ఎప్పటిలాగే గుంపు ఉంది. మా దగ్గర వరసలో ఎవరూ వరసగా నిలబడరు. నీడ దొరికినచోట నిలబడతారు. వచ్చినవాడు ఆఖరు ఎవరని అడుగుతాడు, ఆఖరు మనిషి చెయ్యెత్తుతుంది, ఆ మనిషి తర్వాత తన వంతని గుర్తుపెట్టుకుంటాడు. ఆ గుంపులో సొరైదా ఉంది. ఒక చెయ్యి గోడకి ఆనించి, కుడికాలి మీద బరువు పడకుండా నిలబడి, కొత్త పేటలో అప్పుడే ఎవరికో రొట్టె గురించి పాఠం చెబుతోంది. మొహం చెమటతో మెరుస్తోంది. ఆ మొహం అలా వెలగడం ఆయన చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంకొక్క బేరగాణ్ణి నవ్వించి పంపి ఉంటే ఈ మనిషి ఇక్కడ ఉండేది కాదు అనుకున్నాడు. అలవాటుగా నోటిదాకా ఏదో జోకు వచ్చింది. మింగేశాడు.

“ఆఖరు ఎవరండీ?” అని అడిగాడు, అందరూ అడిగినట్టే.

సొరైదా తిరిగి చూసింది. మొగుణ్ణి చూసింది, బనీను చూసింది. గోడ మీది చెయ్యి తీసి, గుంపంతా చూసేటట్టు పైకెత్తింది.

“నేను,” అంది. “నా వెనక నిలబడు.”

ఆయన వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాడు.